బీజగణితాల ప్రతిరూపాలు: జాబితా నుండి జ్యామితికి

ఏ శాస్త్రమైనా బాల్యదశలో మొదట చేసే పని జాబితా వ్రాయడం. లినీయస్ మొక్కలకు జాబితా వ్రాశాడు. మెండలియెవ్ 1869లో మూలకాలను పట్టికగా కూర్చాడు. గణితంలోనూ ఈ ఆచారం ప్రాచీనమైనదే. క్రమ బహుఫలకాలు ఐదు మాత్రమే ఉన్నవనీ, ఆరవది ఉండజాలదనీ నిరూపించి యూక్లిడ్ తన గ్రంథంలోని పదమూడవ భాగాన్ని ముగించాడు. ఒక జాబితా పూర్తి అయినదంటే ఆ విషయం చేతికి చిక్కినట్లే.

కాని జాబితా ఎన్నటికీ పూర్తి కాదని తేలితే? పూర్తి కాకపోవడమే కాక, దానిని వ్రాయడానికి పద్ధతియే దొరకదని రుజువైతే? అప్పుడు ఆ విషయాన్ని గురించి తెలుసుకొనదగినది ఇంకేమైనా మిగులుతుందా? ఇరువదవ శతాబ్దంలో బీజగణితంలోని ఒక శాఖకు సరిగా ఈ ప్రశ్నయే ఎదురైంది. అందుకు సమాధానం జ్యామితి నుండి వచ్చింది.

వంతెన మీద పుట్టిన గుణకారం

ఈ కథకు ఆరంభం 1843వ సంవత్సరం అక్టోబరు 16వ తేదీ. ఆనాడు ఐర్లండు దేశపు గణితజ్ఞుడు విలియం రోవన్ హామిల్టన్ తన భార్యతో కలిసి డబ్లిన్ నగరపు కాలువగట్టు వెంట నడిచి పోతున్నాడు. సంకీర్ణ సంఖ్యలలో 1, ఐ అనే రెండు మూలాంశాలు ఉన్నవి; ఐ² = −1. ఇట్టి వ్యవస్థను మూడు అంశాలతో నిర్మించాలని ఆయన ఏళ్ల తరబడి ప్రయత్నించి విఫలుడైనాడు. ఆనాడు బ్రూమ్ వంతెన దగ్గర, మూడు కాదు, నాలుగు కావాలని ఆయనకు తట్టింది. 1, ఐ, జె, కె అనే నాలుగు అంశాలు; ఐ² = జె² = కె² = −1. ఐ × జె = కె; కాని జె × ఐ = −కె. ఆ సూత్రాలను ఆయన జేబులోని చాకుతో వంతెన రాతిమీద చెక్కినాడు.

రెండు సంఖ్యలను ఏ క్రమంలో గుణించినా ఫలితం ఒకటే అన్న వినిమయ న్యాయాన్ని విడిచిపెట్టిన వ్యవస్థ ఇది. ఒక న్యాయాన్ని విడిచినా గణితం కూలిపోలేదు. పైగా క్రొత్త లోకం ఒకటి తలుపు తెరిచింది.

మరుసటి సంవత్సరం, 1844లో, ష్టెట్టీన్ పట్టణానికి చెందిన హెర్మన్ గ్రాస్‌మన్ ఎన్ని పరిమాణాలకైనా వర్తించే గణనపద్ధతిని ఒక గ్రంథంగా ప్రకటించాడు. గ్రాస్‌మన్ పాఠశాల ఉపాధ్యాయుడు. విశ్వవిద్యాలయ పదవి కోరుకున్నా జీవితాంతం ఆయనకు అది లభించలేదు. గ్రంథాన్ని చదివినవారు అరుదు. అమ్ముడుపోని ప్రతులను ప్రచురణకర్త 1864లో చిత్తుకాగితాల క్రింద వాడివేశాడు. గ్రాస్‌మన్ మనసు సంస్కృతం వైపు మళ్లింది. ఋగ్వేదానికి ఆయన కూర్చిన నిఘంటువు, చేసిన జర్మన్ అనువాదం 1870ల నాటివి. ఆ నిఘంటువును వేదపండితులు నేటికీ సంప్రదిస్తున్నారు. గణితంలో ఆయన విలువ లోకం గుర్తించడానికి మరికొంత కాలం పట్టింది.

ఆ పిమ్మట అమెరికాలో బెంజమిన్ పియర్స్ ఇట్టి వ్యవస్థలన్నింటికీ జాబితా వ్రాయడానికి పూనుకొన్నాడు. 1870లో ఆయన గ్రంథం రాతిఅచ్చు మీద కేవలం 100 ప్రతులు వెలువడింది. మూలాంశాల సంఖ్య పరిమితమై, గుణకారం సాహచర్య న్యాయాన్ని పాటించే వ్యవస్థకు నేటి పేరు పరిమిత పరిమాణం గల బీజగణితం. బడిలో చదివే బీజగణితంతో పొరపాటు పడకుండా ఇక్కడ దానిని సంఖ్యావ్యవస్థ అని పిలవడం మేలు. పియర్స్ రెండు రకాల అంశాలను ప్రత్యేకంగా గుర్తించాడు. తనతో తాను గుణించుకొన్నా మారనివి ఒక రకం; య² = య. ఏదో ఒక ఘాతానికి సున్న అయిపోయేవి రెండవ రకం; ఉదాహరణకు య² = 0, అయినా య మాత్రం సున్న కాదు. సాధారణ సంఖ్యలలో మొదటి రకానివి 0, 1 మాత్రమే. రెండవ రకానిది సున్న తప్ప వేరొకటి లేదు. సంఖ్యావ్యవస్థలలోని వైవిధ్యమంతా ఈ రెండు రకాల అంశాల ఆటయే. 1907లో స్కాట్లండు గణితజ్ఞుడు వెడర్‌బర్న్ దీనిని సిద్ధాంతంగా నిలబెట్టాడు. సంకీర్ణ సంఖ్యలపై నిర్మించిన ఏ వ్యవస్థలోనైనా రెండవ రకపు అంశాలతో ఏర్పడిన ఒక భాగాన్ని వేరు చేస్తే, మిగిలేది మాత్రికల వ్యవస్థల కూర్పే.

మాత్రికలనే అద్దం

సంఖ్యలను అడ్డువరుసలుగా, నిలువువరుసలుగా పేర్చినది మాత్రిక. 1858లో కేలీ మాత్రికల గుణకారానికి నియమాలు ఏర్పరచాడు. రెండు అడ్డువరుసలు గల ఒక మాత్రికలో పై వరుస 0, −1 అనీ, క్రింది వరుస 1, 0 అనీ ఉన్నదనుకొందాం. దానిని దానితోనే గుణిస్తే −1 రెట్లు ఏకమాత్రిక వస్తుంది. అనగా కల్పితమని పేరు పడిన ఐ ఇక్కడ మామూలు సంఖ్యల కూర్పుగా ప్రత్యక్షమైంది.

సంఖ్యావ్యవస్థలోని ప్రతి అంశానికి బదులుగా ఒక మాత్రికను ఉంచి, కూడికలూ గుణకారాలూ చెడకుండా చూస్తే, అది ఆ వ్యవస్థకు ఒక ప్రతిరూపం. ఒకే మనిషి వేర్వేరు అద్దాలలో వేర్వేరుగా కనిపించినట్లు, ఒకే వ్యవస్థకు ఎన్నో ప్రతిరూపాలు ఉండవచ్చును. అయితే అక్షాలను మార్చినంత మాత్రాన ఒకటి రెండవదిగా మారితే, ఆ రెండింటినీ వేరుగా లెక్కించరు.

ఈ విషయాన్ని ఆధునిక రూపంలో తీర్చిదిద్దినది ఎమ్మీ నోయెథర్. 1929లో ఆమె ప్రకటించిన వ్యాసం సంఖ్యావ్యవస్థల నిర్మాణాన్నీ ప్రతిరూపాల సిద్ధాంతాన్నీ ఒకటే విషయంగా కలిపివేసింది. నాలుగేళ్లకు, 1933లో, నాజీ ప్రభుత్వం ఆమెను గోటింగెన్ విశ్వవిద్యాలయం నుండి తొలగించింది. అమెరికాలోని బ్రిన్‌మార్ కళాశాలలో ఆశ్రయం పొందిన ఆమె 1935 ఏప్రిల్ 14న మరణించింది.

పూర్ణసంఖ్యలు ప్రధాన సంఖ్యల లబ్ధాలుగా విడిపోయినట్లే, ప్రతి ప్రతిరూపమూ ఇక విడదీయరాని చిన్న ప్రతిరూపాలుగా విడిపోతుంది. ఆ విడిపోవడం కూడా ఒకే విధంగా జరుగుతుంది. వీటిని అవిభాజ్య ప్రతిరూపాలు అనవచ్చును. కాబట్టి ప్రశ్న సహజంగానే ఈ రూపం తాల్చింది: ఇచ్చిన సంఖ్యావ్యవస్థకు అవిభాజ్య ప్రతిరూపాలన్నింటికీ జాబితా వ్రాయగలమా?

కొన్నిటికి వ్రాయవచ్చును. 1, య అనే రెండు మూలాంశాలు మాత్రమే ఉండి, య² = 0 అయిన వ్యవస్థకు అవిభాజ్య ప్రతిరూపాలు రెండే. ఒకదానిలో య స్థానంలో 0 అనే ఒంటరి సంఖ్య ఉంటుంది. రెండవదానిలో పై వరుస 0, 1, క్రింది వరుస 0, 0 గల మాత్రిక ఉంటుంది. ఎంత పెద్ద ప్రతిరూపమైనా ఈ రెండు ఇటుకలతోనే కట్టబడుతుంది. 1870లో జోర్డాన్ వర్ణించిన మాత్రికారూపాల నుండి ఇది వెంటనే తేలుతుంది.

జాబితా ముగుస్తుందా?

అన్ని వ్యవస్థలూ ఇంత సాధువులు కావు. నాజీ పాలన వలన 1933లో జర్మనీలో ఉద్యోగం కోల్పోయి అమెరికా చేరిన రిచర్డ్ బ్రౌవర్, మిషిగన్‌లో పనిచేసిన రాబర్ట్ థ్రాల్ 1940లలో రెండు ఊహలు చేశారు. జాబితా అంతం లేనిదైతే అందులో ఎంత పెద్ద పరిమాణం గల అవిభాజ్యాలైనా ఉండి తీరాలన్నది మొదటిది. అట్టి పరిస్థితిలో అనంతమైన కుటుంబాలు ఒక్క పరిమాణంలో కాక, లెక్కలేనన్ని పరిమాణాలలో కనిపిస్తాయన్నది రెండవది. మొదటిదానిని కీవ్ నగరానికి చెందిన రోయిటర్ 1968లో నిరూపించాడు. రెండవదానికి పూర్తి నిరూపణ 1980లలో గాని సిద్ధించలేదు.

ఈ మధ్యకాలంలో, 1972లో, పీటర్ గాబ్రియేల్ ఒక అందమైన ఫలితాన్ని ప్రకటించాడు. ఆయన సంఖ్యావ్యవస్థను బొమ్మగా గీశాడు. కొన్ని చుక్కలు, వాటిని కలిపే కొన్ని బాణాలు. ప్రతి చుక్క దగ్గర ఒక సదిశాంతరాళం, ప్రతి బాణానికీ ఒక మాత్రిక. బాణాలన్నీ ఒకచోట ఉన్నందున ఈ బొమ్మకు ఆయన జర్మన్ భాషలో పెట్టిన పేరుకు అర్థం అమ్ములపొది. ఏ అమ్ములపొదులకు అవిభాజ్యాల జాబితా ముగుస్తుంది? గాబ్రియేల్ సమాధానం ఇది: బాణాల దిశలను ప్రక్కన పెట్టి చూస్తే ఆ బొమ్మ ఎ, డి అనే రెండు వరుసలలోనో, ఇ-6, ఇ-7, ఇ-8 అనే మూడు ప్రత్యేక బొమ్మలలోనో చేరాలి. వేరొక రంగంలో, లీ బీజగణితాల వర్గీకరణలో, 19వ శతాబ్దం చివరి నుండి పరిచితమైన జాబితాలోనివే ఇవి. అవిభాజ్యాల సంఖ్య కూడా అక్కడి ధన మూలాల సంఖ్యతో సరిపోయింది. ఇ-6కు 36, ఇ-7కు 63, ఇ-8కు 120.

జాబితా ఎక్కడ చెయ్యి జారుతుందో చూడడానికి ఉన్నత పాఠశాల గణితమే చాలును. కాగితం మీద మూలబిందువు గుండా మూడు వేర్వేరు సరళరేఖలు గీయండి. అక్షాలను తగినట్లు మార్చితే మొదటిది అడ్డు అక్షంగా, రెండవది నిలువు అక్షంగా, మూడవది రెండు అక్షాలకూ నడుమ, వాలు 1 గల రేఖగా అవుతుంది. అనగా మూడు రేఖల బొమ్మలన్నీ నిజానికి ఒకటే బొమ్మ. నాలుగవ రేఖను గీస్తే స్వేచ్ఛ అయిపోయింది. దాని వాలు ఎంతైతే అంత. దానిని ఇక మార్చడానికి వీలు లేదు. అలెగ్జాండ్రియా నగరపు పాపస్ గ్రంథంలో కనిపించే నాలుగు రేఖల నిష్పత్తి ఇదే. కాబట్టి నాలుగు రేఖలకు ఒక సంఖ్య చొప్పున అనంతమైన రకాలు ఉన్నవి. అయిదవ రేఖ వచ్చేసరికి రెండు సంఖ్యలు కావలసి వస్తుంది.

తలం మీద గీసిన ఈ రేఖల స్థానంలో పెద్ద అంతరాళాలను, వాటి ఉపాంతరాళాలను తీసుకొంటే అంతరం మరింత స్పష్టమవుతుంది. మూడు ఉపాంతరాళాల లెక్కకు అవిభాజ్యాలు 9 మాత్రమే. ఇది డి వరుసలోని మొదటి బొమ్మ. నాలుగింటి లెక్కను గెల్‌ఫాండ్, పొనొమరేవ్ 1970లో పరిష్కరించారు. అక్కడ అవిభాజ్యాలు అనంతమైనా, ప్రతి పరిమాణంలోనూ ఒక్కొక్క చలరాశితో నడిచే కుటుంబాలుగానే వస్తాయి. అయిదు ఉపాంతరాళాలు తీసుకొంటే చలరాశుల సంఖ్యకు హద్దే లేదు.

1970ల చివర కీవ్ గణితజ్ఞుడు ద్రోజ్ద్ ఈ భేదాన్ని సామాన్య సిద్ధాంతంగా స్థాపించాడు. అనంతమైన జాబితా గల సంఖ్యావ్యవస్థలు రెండే జాతులు. ఒకటి మచ్చికైనది, దాని అవిభాజ్యాలను ఒక్కొక్క చలరాశి గల కుటుంబాలుగా వ్రాయవచ్చును. రెండవది అడవిజాతి. అడవిజాతి వ్యవస్థ ఒక్కదానికి జాబితా వ్రాయగలిగితే, రెండేసి మాత్రికల జతలన్నింటినీ వర్గీకరించినట్లే. అది చేయగలిగితే మిగిలిన సంఖ్యావ్యవస్థలన్నింటి ప్రతిరూపాలనూ వర్గీకరించినట్లే. అనగా అడవిజాతిలోని ప్రతి ఒక్క వ్యవస్థా మిగతా అడవినంతా తన కడుపులో దాచుకొన్నది. అన్నింటికంటె నిరాశ కలిగించే విషయం మరొకటి ఉన్నది. సంఖ్యావ్యవస్థలలో చాలా భాగం అడవిజాతివే.

ఢమరుకం, శంకువు

జాబితా దారి మూసుకొన్నప్పుడు గణితజ్ఞులు ప్రశ్ననే మార్చారు. ప్రతిరూపాలను ఒక్కొక్కటిగా ఏరడానికి బదులు, ఒకే పరిమాణం గల వాటన్నింటినీ ఒకే ఆకారంగా చూస్తే ఎట్లా ఉంటుంది? ఒక్కొక్క ప్రతిరూపం ఆ ఆకారంలో ఒక్కొక్క బిందువు.

య² = 0 అన్న వ్యవస్థనే మళ్లీ తీసుకొనవచ్చును. రెండు వరుసల మాత్రికలో పై వరుస క, గ అనీ, క్రింది వరుస చ, ట అనీ అనుకొందాం. దాని వర్గం సున్న కావాలంటే క + ట = 0 కావాలి; క² + గ × చ = 0 కావాలి. ట విలువ క నుండి తెలుస్తున్నది కనుక క, గ, చ అనే మూడే మిగిలినవి. గ = ప − ర, చ = ప + ర అని వ్రాస్తే సమీకరణం క² + ప² = ర² అవుతుంది. ర ఎత్తులో అడ్డంగా కోస్తే ర వ్యాసార్ధం గల వృత్తం వస్తుంది. ఎత్తు తగ్గిన కొద్దీ వృత్తం చిన్నదై, సున్న దగ్గర బిందువైపోయి, క్రింద మరల విచ్చుకొంటుంది. మొనకు మొన ఆనించిన రెండు శంకువులు ఇవి. మొన దగ్గర ఉన్నది సున్న మాత్రిక. మొన తప్ప తక్కిన బిందువులన్నీ అక్షాలు మార్చితే ఒకదానికొకటి సమానమే. ఈ ఆకారంలో ఉన్నవి రెండే రకాలు, ముందు చెప్పిన జాబితా ప్రకారమే. కాని జాబితా చెప్పని సంగతి ఒకటి ఈ బొమ్మ చెబుతున్నది. మొదటి రకం శంకువంతా నిండి ఉన్నది. రెండవది ఒక్క బిందువు. పైగా మొదటి రకానికి చెందిన బిందువులు జరుగుతూ జరుగుతూ మొనను ఎంత దగ్గరగానైనా చేరగలవు. మొదటిది క్షీణించి రెండవది కాగలదు. రెండవది క్షీణించి మొదటిది కాజాలదు.

ఇప్పుడు య² = య అన్న వ్యవస్థ. ఇక్కడ సున్న మాత్రిక ఒక బిందువుగా, ఏకమాత్రిక మరొక బిందువుగా విడివిడిగా నిలుస్తాయి. తక్కిన వాటికి క + ట = 1, క × (1 − క) = గ × చ. వెనుకటి మార్పే చేస్తే ర ఎత్తులో కోసిన వృత్తపు వ్యాసార్ధపు వర్గం ర² + 1/4 అవుతుంది. ర ఎంతైనా అది సున్న కాదు. ర సున్న అయినచోట వ్యాసార్ధం 1/2. ఇది సన్నని నడుము గల ఢమరుకం ఆకారం. మూడు ముక్కలూ ఒకదానినొకటి తాకవు. అందువలన ఇక్కడ ఒక రకం క్షీణించి మరొక రకం కావడమన్నది లేదు.

మూడవ ఉదాహరణ మూడు చుక్కలు, రెండు బాణాలు. మొదటి బాణం వెంటనే రెండవ బాణం నడిస్తే ఫలితం సున్న కావాలన్నది షరతు. ప్రతి చుక్క దగ్గర ఒక పరిమాణమే ఉంచితే బాణాలు రెండు మామూలు సంఖ్యలు; క × గ = 0. ఈ సమీకరణానికి గ్రాఫు ఒకదానినొకటి ఖండించుకొనే రెండు అక్షాలు. ముక్కలు రెండు, అయినా అవి మూలబిందువు దగ్గర కలుసుకొన్నవి. ఇక్కడ దాదాపు అన్ని ప్రతిరూపాలూ ఎట్లా ఉంటాయని అడిగితే జవాబు ఒకటి కాదు, రెండు. ఒక అక్షం మీద రెండవ బాణం సున్న, మరొక అక్షం మీద మొదటి బాణం సున్న.

సామాన్య ప్రతిరూపం

క్రొత్త ప్రశ్న ఇది: ఆకారంలోని ఒక ముక్కలో, అతి పలుచని కొన్ని గీతలనూ పొరలనూ మినహాయిస్తే, దాదాపు ప్రతి బిందువు దగ్గరా కనిపించే లక్షణాలు ఏవి? ఆ లక్షణాలు గల దానిని సామాన్య ప్రతిరూపం అంటారు.

ఇందులోని భావాన్ని తరగతిలో పాచికలతో చూపవచ్చును. పాచికను నాలుగుసార్లు వేసి, వచ్చిన సంఖ్యలతో రెండు వరుసల మాత్రిక వ్రాయండి. మొత్తం 1,296 విధాలు. నిర్ధారకం సున్న కావాలంటే క × ట = గ × చ కావాలి. లెక్కించి చూస్తే అట్టివి 86 మాత్రమే. 1,210 మాత్రికలకు నిర్ధారకం సున్న కాదు. పాచికకు ముఖాలు పెరిగిన కొద్దీ సున్న అయ్యేవాటి పాలు తగ్గిపోతుంది. అన్ని సంఖ్యలనూ అనుమతిస్తే, నిర్ధారకం సున్న అయ్యే మాత్రికలు నాలుగు పరిమాణాల అంతరాళంలో మూడు పరిమాణాల పలుచని పొర మాత్రమే. కాబట్టి సామాన్య మాత్రికకు విలోమం ఉంటుంది. రెండు చుక్కలు, ఒక బాణం గల అమ్ములపొదికి సామాన్య ప్రతిరూపం ఇదే.

బాణాలను పెంచితే విషయం సారవంతమవుతుంది. రెండు చుక్కల నడుమ రెండు బాణాలు గల లెక్కను క్రోనెకర్ 1890లోనే సాధించాడు. తలంలో రెండు సదిశలను తీసుకొంటే, అవి ఒకే రేఖ మీద లేనంతవరకు వాటినే అక్షాలుగా చేయవచ్చును. అంటే సామాన్యమైనది ఒక్కటే. కాని రెండు చుక్కల దగ్గరా సమాన పరిమాణం ఉంటే సామాన్య ప్రతిరూపం ఒక్కొక్క పరిమాణం గల ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్క ఒక్కొక్క నిష్పత్తిని తన వెంట తెచ్చుకొంటుంది.

మూడు బాణాలతో అడవి మొదలవుతుంది. రెండు చుక్కల దగ్గరా రెండేసి పరిమాణాలు ఉంచితే మూడు మాత్రికలలో 12 సంఖ్యలు ఉంటాయి. అక్షాలను మార్చే స్వేచ్ఛ ఒక్కొక్క చుక్క దగ్గర 4 చొప్పున 8; రెండు చోట్లా ఒకే సంఖ్యతో గుణిస్తే ఏమీ మారదు కనుక ఒకటి తీసివేస్తే 7. మిగిలినవి 5 స్వేచ్ఛాసంఖ్యలు. మూడేసి పరిమాణాలకు ఇదే లెక్క చేస్తే 27 − 17 = 10. జాబితా వ్రాయడం అసాధ్యమైనా, స్వేచ్ఛాసంఖ్యలు ఎన్నో చెప్పడం ఇంత సులభం. అడవిలోని ప్రతి చెట్టునూ లెక్కించలేకపోయినా అడవి వైశాల్యాన్ని కొలవవచ్చునన్నమాట.

ఈ లెక్కను 1980లో విక్టర్ కాక్ సంపూర్ణ సిద్ధాంతంగా మలిచాడు. ఏ అమ్ములపొదికైనా, అది అడవిజాతిదైనా సరే, అవిభాజ్యాలు ఏ పరిమాణాలలో ఉంటాయో ఆయన చెప్పగలిగాడు. గాబ్రియేల్ చూసిన మూలాల సంబంధం అనంత వ్యవస్థలకూ విస్తరించింది. ఇచ్చిన పరిమాణంలోని సామాన్య ప్రతిరూపం ఏయే పరిమాణాల ముక్కలుగా విడిపోతుందన్న ప్రశ్నకు ఆ పరిమాణం మీదనే ఆధారపడిన నిశ్చితమైన సమాధానం ఉన్నదని ఆయన చూపాడు. దానిని లెక్కకట్టే పద్ధతిని 1992లో ఏడన్ స్కోఫీల్డ్ ఇచ్చాడు. సామాన్య ప్రతిరూపంలో ఏయే పరిమాణాల ఉపప్రతిరూపాలు ఇమిడి ఉంటాయో చిన్న పరిమాణాల నుండి పెద్దవాటికి మెట్టుమెట్టుగా ఆయన పద్ధతి తేలుస్తుంది. 2002లో డెర్క్‌సెన్, వేమన్ మరింత వేగమైన పద్ధతిని చూపారు.

1994లో అలస్టేర్ కింగ్ మరొక వంతెన కట్టాడు. ఉపప్రతిరూపాల పరిమాణాలు ఒక అసమానతను పాటిస్తే ప్రతిరూపాన్ని స్థిరమైనదిగా లెక్కించి, స్థిరమైనవాటి సమాన వర్గాలను బిందువులుగా గల ఆకారాన్ని నిర్మించాడు. స్థిరత్వమన్న ఈ భావం మమ్‌ఫర్డ్‌ది. దీనిని సదిశ పుంజాల విషయంలో ప్రసిద్ధమైన సిద్ధాంతంగా 1965లో నిరూపించినవారు బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థకు చెందిన ఎం. ఎస్. నరసింహన్, సి. ఎస్. శేషాద్రి.

దూరపు ఫలితం

సామాన్య ప్రతిరూపాల వలన ప్రయోజనమేమిటని అడిగేవారికి ఒక ఉదాహరణ చాలును. 1962లో ఆల్‌ఫ్రెడ్ హార్న్ ఒక ప్రశ్నకు సమాధానం ఊహించాడు. రెండు సౌష్ఠవ మాత్రికలను కూడితే, మొత్తపు లాక్షణిక మూలాలు ఏ విలువలు పొందవచ్చును? మొత్తపు మూలాలలో గరిష్ఠమైనది, విడివిడి గరిష్ఠాల మొత్తాన్ని మించదన్నది తేలిక. హార్న్ ఇట్టి అసమానతల పూర్తి పట్టికను ప్రతిపాదించాడు. 1990ల చివర క్ల్యాచ్కో, నూట్‌సన్, టావో పరిశోధనల వలన అది నిజమని తేలింది. 2000లో డెర్క్‌సెన్, వేమన్ అందులోని కీలకమైన మెట్టును మూడు చేతులు గల ఒక అమ్ములపొది సామాన్య ప్రతిరూపాల నుండి వేరొక దారిలో నిరూపించారు. ఆ అసమానతలు నిజానికి సామాన్య ప్రతిరూపంలో ఏయే ఉపప్రతిరూపాలు ఇమిడి ఉంటాయో చెప్పే స్కోఫీల్డ్ షరతులే. వర్గీకరణకు లొంగని అడవి ఒక పాత ప్రశ్నకు జవాబును తనలో దాచి ఉంచింది.

ముక్కల లెక్క

బాణాల మీద షరతులు లేనప్పుడు ఆకారం ఒకటే ముక్క. షరతులున్న సంఖ్యావ్యవస్థలలో, క × గ = 0 అన్నచోట చూసినట్లే, ముక్కలు అనేకం. ముందు ముక్కలు ఎన్నో తెలియాలి. ఆ పిమ్మట ఒక్కొక్క ముక్కలోని సామాన్య ప్రతిరూపాన్ని వర్ణించాలి. 2002లో క్రాలీ-బోవీ, ష్రోయెర్ ఇందుకు ఒక మూలసూత్రాన్ని నిరూపించారు. ప్రతి ముక్కా చిన్న ముక్కల మొత్తంగా ఒకే విధంగా విడిపోతుంది; ఆ చిన్న ముక్కలలోని సామాన్య ప్రతిరూపాలు అవిభాజ్యాలు. ఏ చిన్న ముక్కలను కలిపితే మరల ఒక పూర్తి ముక్క అవుతుందో తెలిపే పరీక్షను కూడా వారు ఇచ్చారు. రెండింటి సామాన్య ప్రతిరూపాలను పక్కపక్కన ఉంచడం తప్ప వేరే విధంగా అతకడానికి వీలు లేకపోతేనే ఆ కలయిక నిలుస్తుంది. 2009లో బాబ్సన్, హూయిస్గెన్-జిమ్మర్‌మాన్, థామస్ అనే ముగ్గురు షరతులు గల అమ్ములపొదులలో ఈ ముక్కలనూ, వాటి సామాన్య ప్రతిరూపాలనూ లెక్కకట్టే మార్గాలను ప్రకటించారు.

అయితే దాదాపు అన్నీ అంటే అన్నీ కావు. శంకువు మొన ఒక్క బిందువే అయినా అది లేకుండా శంకువు లేదు. ఒక ప్రతిరూపం క్షీణించి మరొకటిగా ఎప్పుడు మారగలదన్న ప్రశ్నకు 2000లో పోలండు గణితజ్ఞుడు జ్వారా శుద్ధ బీజగణిత పరిభాషలో సమాధానం ఇచ్చాడు. చూడడానికి జ్యామితి ప్రశ్న, జవాబు బీజగణితానిది. ఒక్కొక్క సంఖ్యావ్యవస్థలో ముక్కలను గుర్తించే పని మాత్రం నేటికీ కొనసాగుతూనే ఉన్నది.

హామిల్టన్ వినిమయ న్యాయాన్ని విడిచినప్పుడు గుణకారం అంతరించలేదు. దాని అర్థం విశాలమైంది. జాబితాపై ఆశను విడిచినప్పుడు ప్రతిరూపాల శాస్త్రానికీ అదే జరిగింది. ఏమేమి ఉన్నవన్న ప్రశ్నకు బదులు దొరకని చోట, చాలావరకు ఉన్నవి ఎట్టివి, వాటికి ఎంత స్వేచ్ఛ ఉన్నది, ఏది దేనిగా మారగలదు అన్న ప్రశ్నలు నిలిచినవి. వాటికి సమాధానాలు దొరుకుతున్నవి. విద్యార్థి ఒక కాగితం మీద నాలుగవ రేఖను గీసి, దాని వాలును ఇక మార్చలేనని గ్రహించిన క్షణంలో ఈ శాస్త్రపు గడప దగ్గర నిలబడినట్లే.